పిడికెడు వీపుకి ఓ బ్యాగు

హాస్టల్, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం

పోయిన సామాన్ల మహారాణి అయిన మా అత్తకి,

నీ గదిలో సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్నచోట నువ్వుండవు. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉందిలే. ఈమధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. ఒక మంచి మాట దొరికితే రోజంతా చప్పరిస్తూ తిరుగుతున్నాను. నిన్నటి మాట 'మూపు'. మెడ కింద, భుజాల మధ్య, బరువు మోసే చోటు. ఇంత చక్కని మాట ఉండగా ఇన్నాళ్ళూ "ఇక్కడ నొప్పి, కాదు, కొంచెం పైన" అంటూ వేలు పెట్టి చూపించానే అని సిగ్గేసింది.

నొప్పి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. పోయినేడాది మా మొక్కల సారు క్లాసునంతా కొండ మీదికి తీసుకెళ్ళారు కదా. పైన పూసే మొక్కల్ని చూసి, గీసి, రాసుకుని రావాలి. నేను అన్నయ్య బ్యాగు తగిలించుకుని వెళ్ళాను. అన్నయ్యేమో కరెంటు స్తంభం. నేనేమో నువ్వు పెట్టిన పేరుకి తగ్గట్టు పిడికెడు. దాని నడుం పట్టీ నా నడుం దాటి ఎక్కడో కింద వేలాడింది. బరువంతా భుజాల మీదే. కొండ సగం కూడా ఎక్కకుండానే చేతులు తిమ్మిరెక్కాయి. నా సామాన్లు క్లాసువాళ్ళు తలా కొంచెం పంచుకుని మోశారు. సారు చూసి, "నువ్వు కింద డేరాల దగ్గర ఉండమ్మా" అన్నారు. అంతే. పైవాళ్ళు తెచ్చిన ఆకుల్ని పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కుతూ కూర్చున్నాను. ఆ కొండ పువ్వులన్నీ నాకు చచ్చాకే పరిచయం.

ఇది నా చివరి ఏడాది. ఈసారి కొండకి ముందు ఒక పరీక్ష నడక పెట్టారు. ఒక రోజంతా ఎవరి బరువు వాళ్ళే మోయాలి. వేరేవాళ్ళ చెయ్యి పడిందా, మళ్ళీ డేరాలే. నాకు డేరాలొద్దు అత్తా. నీ చుట్టూ రకరకాల బ్యాగులుంటాయి కదా, మంచిది ఎలా ఉంటుందో చెప్పు.

నీ మేనకోడలు

*

స్టేషన్ కింది గది,
పోయిన సామాన్ల కౌంటర్

పిడికెడా,

మూపు అనే మాటని నువ్వే కనిపెట్టినట్టు రాశావు. చిన్నప్పుడు మీ నాన్న నా మూపు ఎక్కే వీధులన్నీ తిరిగాడు. దిగమంటే దిగేవాడు కాదు. ఇప్పటికీ ఎవరో ఒకరి మూపు మీదే ఉంటున్నాడు, మీ అమ్మనడుగు.

ఇక బ్యాగులు. ఇక్కడ నా వెనక అరల నిండా అవే. ఒకదానికి ఎన్ని జిప్పులంటే, దాని సొంతదారు వచ్చి తీసుకుని, టికెట్టు ఏ జేబులో పెట్టాడో వెతికేలోపు బండి వెళ్ళిపోయింది. పాపం మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు, వెతుకులాటలో ఎక్కడో పెట్టేసిన గొడుగు కోసం. ఇంకోదానికి చక్రాలున్నాయి, పట్టీలున్నాయి, పిడి ఉంది. మొయ్యాలో లాగాలో దానికే తెలీదు. మరొకటి ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నంత బరువు.

జనం బ్యాగు కొనేటప్పుడు ముందు రంగు చూస్తారు, తర్వాత జేబులు, ఆ తర్వాత పక్కింటివాళ్ళ బ్యాగు. తమ వీపు మాత్రం చూసుకోరు. నువ్వు అక్కడ మొదలుపెట్టు. తల వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది చూడు, అక్కణ్ణుంచి కిందికి టేపు పెట్టించుకో. పోట్లాటకి నిలబడ్డట్టు నడుం మీద చేతులు పెట్టుకుంటే (నీకది బాగా అలవాటే) వెనక బొటనవేళ్ళు ఎదురెదురుగా వచ్చే చోటు దాకా కొలవాలి. అదీ నీ వీపు. నీ ఎత్తుతో బ్యాగుకి పనిలేదు.

నడుం పట్టీ కడుపు మీద కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. బరువు మోయాల్సింది తుంటి. భుజాలు పక్కన నిలబడి చూస్తుంటే చాలు, పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళలాగా. కొట్లో బరువులు వేయించుకుని నడువు. ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో మురిసిపోయేవాళ్ళు ఖాళీ బ్యాగుతోనే కొండెక్కాలి.

కొలత పంపు.

నీ అత్త

*

హాస్టల్, అదే మంచం

అత్తా,

కొలత పంపుతున్నాను, వేరే కాగితం మీద ఉంది. మా గదిలో అమ్మాయి లెక్కల విద్యార్థిని. ఒకసారి కొలిస్తే ఒప్పుకోదట. మళ్ళీ మళ్ళీ కొలిచి సగటు తీసింది. నాకు చక్కిలిగింతలు. "కదలకే, నీ వీపు ఊగిసలాడుతోంది" అని తిట్టింది. మొత్తానికి తేలిందేంటంటే నాకు పెద్దగా వీపే లేదు. మెడ అయిపోగానే నడుం మొదలవుతోంది.

ఈ ఆదివారం మూడు కొట్లు తిరిగాను. మొదటి కొట్టతనితో మాటలు ఇలా నడిచాయి.

"ఇది అందరికీ సరిపోతుందమ్మా."

"నాకు సరిపోలేదండీ."

"పట్టీలు బిగించండి."

"బిగించాను. ఇప్పుడు బిగుతుగా సరిపోవట్లేదు."

"వాడుతుంటే అదే అలవాటవుతుంది."

"దానికా, నాకా?"

రెండో కొట్లో బరువు కావాలంటే ఏమీ లేదన్నారు. బ్యాగులమ్మే కొట్లో బరువు లేకపోవడమేంటి? పక్క కొట్టుకి వెళ్ళి రెండు చిన్న ఉప్పు మూటలు అరువడిగి, వాటిని వేసుకుని నడిచాను. మెట్లెక్కాను, దిగాను, వంగాను, గంతేశాను. కాపలా మనిషి నా వెనకే తిరిగాడు. చివరికి "అమ్మాయ్, కొంటావా, పారిపోతావా?" అన్నాడు. నేను తిరిగి చూసేసరికి బ్యాగు నన్ను వెనక్కి పడేయబోయింది. పైన భుజాల దగ్గర సర్దుకునే చిన్న పట్టీలు లేకపోతే అంతేనట, బరువు వెనక్కి వాలిపోతుంది.

మూడో కొట్లో ఒకటి దాదాపు సరిపోయింది. దాని వెల చూసి దానికి దండం పెట్టి వచ్చేశాను.

పరీక్ష నడక ఇంకో నెల. రోజూ క్లాసులో సారు నా వంక చూసి, "నిన్నెలాగూ డేరాల దగ్గరే రాస్తాను కదా" అన్నట్టు నవ్వుతున్నారు. అలా అనలేదు. నాకలా వినిపిస్తోంది.

నీ చిన్న వీపు

*

పోయిన సామాన్ల కౌంటర్

పిడికెడా,

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ కూడా వచ్చి ఉంటుంది. ముందు బ్యాగు వేసుకో, తర్వాత చదువు.

వేసుకున్నావా? ఎలా ఉంది?

కిందటి వర్షాల్లో ఎవరో బండిలో వదిలేశారు. ముదురాకుపచ్చ. కొత్తదే, మడతలింకా పోలేదు. నీ కొలత రాగానే టేపు తీసుకుని ఉన్నవన్నీ కొలిచాను. మా బంట్రోతు చూసి "ఏంటమ్మా, వాటికి జాకెట్లు కుట్టిస్తున్నారా?" అన్నాడు. ఇది సరిగ్గా నీ వీపంతే ఉంది. వీపు వైపు వల బట్ట చూడు, గాలి ఆడుతుంది. నీళ్ళ సీసా జేబు వాలుగా ఉంది, బ్యాగు దింపకుండానే అందుతుంది. అడుగున వాన తొడుగు మడిచి ఉంది. జిప్పులు కొన్నే, కానీ ఉండాల్సిన చోట ఉన్నాయి. దీన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో ఏదో మోసినవాళ్ళు.

మూడు నెలలు ఎవరూ అడక్కపోతే మా పనివాళ్ళలో ఎవరైనా తీసుకోవచ్చని రూలు. దీని గడువు అయినట్టే. కాబట్టి అడ్డమైన ప్రశ్నలు వేయకుండా కొండెక్కు.

నీ అత్త

*

హాస్టల్, మెట్ల మీద నుంచి

అత్తా! అత్తా! అత్తా!

నా పుస్తకాలన్నీ, లెక్కల అమ్మాయి పుస్తకాలన్నీ, ఆమె డంబెళ్ళూ ఇందులో వేసుకుని అంతస్తులన్నీ ఎక్కి దిగాను. కింద వార్డెను "ఖాళీ చేసి వెళ్ళిపోతున్నావా?" అని సంబరంగా అడిగింది. మళ్ళీ పైకెక్కుతుంటే ఆవిడ మొహం వాడిపోయింది.

ఎలా చెప్పను? బరువు ఉంది, కానీ అది నా వెనక ఎక్కి కూర్చోలేదు. నాతో పాటు నడుస్తోంది. తుంటి మీద పట్టీ బిగించి, భుజాల పట్టీలు కొంచెం వదులు చేసి, పైన చిన్న పట్టీలు లాగగానే ఎవరో వెనకనుంచి చెయ్యి వేసి నిలబెట్టినట్టుంది. ఈరోజు మాట 'ఒద్దిక'. ఒద్దికగా కూర్చుంది.

అన్నట్టు ఒక మాట. "గడువు అయింది" అని రాయకుండా "అయినట్టే" అని ఎందుకు రాశావు? నువ్వు ఒక అక్షరం ఎక్కువ రాయడానికి బద్ధకించే మనిషివి. నాకు ఆ "అట్టే" రెండు రోజులుగా గుచ్చుకుంటోంది.

నీ ఒద్దికైన మేనకోడలు

*

పోయిన సామాన్ల కౌంటర్,
భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు

పిడికెడా,

నీకు మాటల పిచ్చి పట్టించినవాళ్ళెవరో నాకు కనిపిస్తే బాగుణ్ణు, వాళ్ళని తాళం వేసి ఏదో ఒక అరలో పెడతాను.

అవును, గడువు కాలేదు. ఇంకో మూడు వారాలుంది. నీ నడక ముందొస్తుంది కదా అని తొందరపడ్డాను. ఇన్ని నెలలు రానివాళ్ళు ఇప్పుడొస్తారా అనుకున్నాను. వచ్చారు. మొగుడూ పెళ్ళామూ.

ఆవిడ కౌంటర్ మీద చెయ్యేసి, "ముదురాకుపచ్చ. అడుగున వాన తొడుగు. నేనే కొన్నాను, నేనే ఈయనకిచ్చాను, ఈయనే పోగొట్టారు. ఊళ్ళు తిరగడానికి పనికొస్తుందని కొంటే ఒక్క ఊరు దాటలేదు" అంది.

ఆయన ఆవిడ వెనక నిలబడి, "పోనీలేవే, పోయింది దొరుకుతుందా" అన్నాడు.

"మీరు మాట్లాడకండి. పోయినవి దొరికే గదే ఇది."

నేను మొహం మీద చెమట తుడుచుకుని "వెతుకుతున్నామండి" అన్నాను. ఆ మాట వినగానే ఆయన మొహం వెలిగింది చూడు! పోయిన సామాను దొరకలేదంటే సంతోషించిన మనిషిని నా సర్వీసులో మొదటిసారి చూశాను.

వచ్చే వారం మళ్ళీ వస్తారట. నెలాఖరుకి మా ఆఫీసరు అరలన్నీ దింపించి లెక్క చూస్తాడు. అయినా నువ్వు బ్యాగు పంపకు. ముందు నీ నడక కానీ. నేనేదో చెప్పుకుంటాను, అబద్ధాలకి నాకేం కరువు. ఉద్యోగం సంగతి మాత్రం అడక్కు. అడిగితే నీతో కూడా అబద్ధమాడాల్సి వస్తుంది.

నీ అత్త

*

హాస్టల్

అత్తా,

బ్యాగు పంపేశాను. దారిలో ఉంది. నువ్వు ఆపలేవు.

నీకేమైనా బుద్ధుందా? పరాయివాళ్ళ బ్యాగు తీసి నా వీపుకి తగిలిస్తావా? అది వేసుకుని కొండెక్కితే అడుగడుక్కీ నీ ఉద్యోగం నా మూపు మీద ఊగుతుంటుంది. ఆ బరువు మోయడానికి ఏ పట్టీ సరిపోదు. మనది కాని వస్తువు జోలికి వెళ్ళకూడదని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టింది నువ్వే కదా? ఆ చెవి ఇంకా ఎర్రగానే ఉంది.

పంపేముందు ఏడ్చాను. తర్వాత తుడుచుకుని, దాన్ని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, కాగితాలు పరిచి, ప్రతి కుట్టూ గీసుకున్నాను. భుజాల పట్టీలు వీపుకి ఎక్కడ కలుస్తాయి, నడుం పట్టీకీ వాటికీ ఎంత దూరం, చిన్న పట్టీలు ఏ వాలులో లాగుతాయి, అన్నీ. అన్నయ్య బ్యాగు ఇక్కడే మా గది అటక మీద ఉంది. బట్ట మంచిదే. ఇప్పటికి ఆ ఒక్క మంచి మాటే చెప్పగలను దాని గురించి.

నడక వచ్చే శనివారం. డేరాలకి వెళ్ళినా పర్వాలేదు అని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నీకున్నంత అలవాటు నాకు లేదు.

నీ మేనకోడలు

*

పోయిన సామాన్ల కౌంటర్ కాదు,
దాని పక్కన గొడుగుల గది

ఓ నీతుల పుట్టా,

నువ్వు తిట్టిన తిట్లు బంట్రోతుకి చదివి వినిపించాను. "బాగా రాస్తుందమ్మా, మీ పోలికే" అన్నాడు.

బ్యాగు సరిగ్గా వాళ్ళు వచ్చే ముందు రోజు చేరింది. కౌంటర్ మీద పెట్టాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆయన కళ్ళు తిరిగాయి.

"వేసుకోండి, మీదో కాదో చూద్దాం" అన్నాను. రూల్లో అలా ఏం లేదు, నాకే చూడాలనిపించింది.

ఆయన వేసుకున్నాడు. మనిషి ఆరడుగులు. నడుం పట్టీ పక్కటెముకల మీదికొచ్చింది. చిన్నప్పటి చొక్కా తొడుక్కున్నట్టు చేతులు రెండూ పక్కలకి లేచిపోయాయి. బిగించి ఒక్క అడుగు వేసేసరికి "హమ్మా" అన్నాడు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఇదే అయింది. మొదటిరోజు నుంచీ ఇదే అవుతోంది."

"మరి బాగుందన్నారు?"

"నువ్వు కొన్నావు కదే. బాగాలేదని ఎలా అంటాను? అందుకే బండిలో వదిలేశాను. ఇది రెండోసారి. మొదటిసారి ఎవడో మంచివాడు పరిగెత్తుకొచ్చి మరీ ఇచ్చాడు. వాడి పుణ్యాన ఇంకో రోజు మోశాను."

బంట్రోతు అర వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు.

నేనడిగాను, "కొనేటప్పుడు ఎవరి వీపు మీద వేసి చూశారమ్మా?"

"ఎవరి వీపేంటి, నా వీపే. ఈయన కొట్లకి రారు కదా. నాకు హాయిగా ఉంది, ఈయనకీ హాయిగానే ఉంటుందనుకున్నాను."

వేసుకుని చూడమన్నాను. అమ్మాయ్, కొలిచి కుట్టినట్టుంది! ఆవిడా నీ అంతే, పిడికెడు. గదిలో అటూ ఇటూ నడిచింది. అద్దం అడగలేదు, బరువు అడిగింది. అప్పుడే నాకావిడ నచ్చింది. "నేనెందుకు తిరక్కూడదు ఊళ్ళు?" అని ఎవరినీ కాకుండా గోడనడిగింది. ఆయన "తిరుగు, తిరుగు, నేను స్టేషన్ దాకా వస్తాను" అన్నాడు. అంత ప్రేమగా ఒక మొగుడు మాట్లాడటం నేను విని ఎరగను. ఇద్దరూ వెళ్ళిపోయారు, బ్యాగు ఆవిడ వీపు మీదే.

తర్వాత నేనే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. నీ ఉత్తరం వల్ల కాదు, నువ్వేం పొంగిపోకు. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి, "ఉద్యోగం ఉంచుతున్నాను, కౌంటర్ ఉంచను" అన్నాడు. కాబట్టి ఇకనుంచి గొడుగులు. అన్నీ నల్లవే. ఎవరొచ్చినా "నాది నల్లదండీ" అంటారు.

నీ నడక ఏమైంది? రాయి. ఏమైనా సరే రాయి.

నీ అత్త

*

కాలేజీ గేటు ముందు, బస్సులో,
కిటికీ పక్క సీటు

గొడుగుల రాణి గారికి,

చేతిరాత వంకరగా ఉంటే తప్పు నాది కాదు, ఇంజను ఆన్‌లో ఉంది.

అన్నయ్య బ్యాగు కుట్లన్నీ విప్పాను. భుజాల పట్టీలు వీపుకి పైన ఎక్కడో కలిసి ఉన్నాయి, వాటిని నాలుగు వేళ్ళ మేర కిందికి దింపాను. లోపలి అల్యూమినియం కమ్మీలు తీసుకుని కాలేజీ వర్క్‌షాపుకి వెళ్ళి నా వీపంతకి కోయించాను. వాటి కొసలు రాసి నున్నగా చేసి, గుడ్డ చుట్టాను. నడుం పట్టీ రెండు పక్కలా కత్తిరించి దగ్గర చేశాను. కుట్టడానికి సూదులు విరిగాయి, లెక్కల అమ్మాయి స్నేహం కూడా విరగబోయింది. చివరికి చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ జంతువు కొరికిందమ్మా?" అన్నాడు. మందపాటి దారంతో గట్టిగా కుట్టిచ్చాడు. మొదటి కుట్టు వంకరపోయింది. మళ్ళీ విప్పి, నన్ను నిలబెట్టి, వీపు మీదే సుద్దతో గీసి కుట్టాడు.

చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందో చెప్పను. ముడుచుకున్న ముసలి తాబేలు. పైన మిగిలిన బట్ట కుచ్చులు కుచ్చులుగా వేలాడుతోంది.

శనివారం ఊరి బయట గుట్ట మీదికి నడిచాను. ఎక్కేటప్పుడు సారు నా వెనకే వచ్చారు. ఎప్పుడు ఆగిపోతానా అని చూస్తున్నారు. తుంటి మీద బరువు ఉంది, భుజాలు మాత్రం నీ మగపెళ్ళివాళ్ళలాగే ఊరికే ఉన్నాయి. మధ్యలో ఎడమ పట్టీ కొంచెం జారింది. నడుస్తూనే లాగి బిగించాను. పైకి వెళ్ళాక నేను కూర్చోలేదు అత్తా. అందరూ కూలబడ్డారు, నేను నిలబడి ఒక గడ్డిపూల మొక్క గీసుకున్నాను. సారు ఆయాసపడుతూ వచ్చి, "ఏ కంపెనీ బ్యాగమ్మా అది?" అన్నారు. "నా వీపు కంపెనీ సార్" అన్నాను. నవ్వలేదు. తిరిగొచ్చాక నోటీసు బోర్డు మీద పైకెళ్ళేవాళ్ళలో నన్నూ రాశారు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు అన్ని నీతులు రాసిన చేత్తోనే రాస్తున్నాను, నవ్వితే నవ్వు. ఇందాక బస్సెక్కుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమే, నా బ్యాగు నీ దగ్గరుందా? మా ఆఫీసు వాళ్ళతో ఊరెళ్తున్నాను."

"ఉంది."

"చిరగ్గొట్టావా?"

"లేదు. బాగు చేశాను."

"బాగు చేయడమేంటి? బాగానే ఉందిగా. నాకు సరిపోతుందా?"

"నీకు తప్ప సరిపోతుంది అన్నయ్యా."

అంతే, వాడు మొదలుపెట్టాడు. అడక్కుండా పరాయి వస్తువు మీద కత్తెర వేయడమేంటని, నీకు బుద్ధుందా అని, ఈ ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒకటేనని. ఆఖరిది నీ గురించి అనుకుంటా. అది తప్ప ప్రతి మాటా నాకు తెలిసిందే, అన్నీ నేను నీకు రాసినవే. కొండ దిగొచ్చాక వాడితో కొట్టుకి వెళ్తానని, బరువు వేయించి వాడి వీపు మీదే కొలిచి కొనిపెడతానని, దానికి ఎన్ని నెలలు పట్టినా సరే దాచి కడతానని చెప్పాను. "నాకు ఇప్పుడు కావాలే!" అని అరిచాడు. ఇంకా అరుస్తూనే ఉన్నాడు, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని నీకు రాస్తున్నాను.

సారు మెట్టు మీద నిలబడి, డేరాల దగ్గర ఉండేవాళ్ళని ముందు దిగమంటున్నారు, వాళ్ళకి వేరే బండి. ముగ్గురు దిగారు. అలవాటు కొద్దీ నేనూ సగం లేచాను. సారు నా వైపు వేలు చూపించి "నువ్వెక్కడికి, కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. బస్సు కదిలింది.

నీ మేనకోడలు